రక్తపిశాచికి తలుపు తీసిందెవరు?



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ పెద్దాయన ఫిల్మ్ సొసైటీ మనిషి. రీళ్ళ డబ్బాలను రైల్వే పార్సిల్ ఆఫీసు నుంచి రిక్షాలో వేయించుకొచ్చి, ప్రొజెక్టర్ పక్కన తానే నిలబడి సినిమా వేసిన తరం. ఆ తరంలో చాలామందికి రాయ్, బెర్గ్‌మన్ లాంటి దర్శకులంటే భక్తి. దెయ్యం సినిమా అంటే చిన్నచూపు. ఆయనకు ఆ మడి లేదు. అందుకే ఆయన పేర జరిగే సభలో రక్తపిశాచుల ఊసెత్తడం అపచారం కాదనే ధైర్యం.

ముందుగా ఒక దృశ్యం. అమెరికాలో లూజియానా రాష్ట్రం, చిత్తడి నేలల నడుమ 'డార్క్ ఓక్స్' అనే ఎస్టేటు. ఫ్రాంక్ అనే యువకుడు అర్ధరాత్రి ఆ ఇంట్లోకి దూసుకొస్తాడు. చిన్ననాటి నుంచి తాను ప్రేమించిన కేథరిన్ ఎక్కడినుంచో వచ్చిన ఒక కౌంటును ఆ రాత్రే పెళ్ళి చేసుకుంది. మాటా మాటా పెరుగుతుంది. ఫ్రాంక్ పిస్తోలు తీసి కౌంటు మీద కాలుస్తాడు. కౌంటు చెక్కు చెదరడు. గుళ్ళు అతని ఒంట్లోంచి దూసుకుపోయి వెనక నిలబడ్డ కేథరిన్‌కు తగులుతాయి. ఆమె కుప్పకూలుతుంది. ప్రియుడి చేతిలో ప్రియురాలి చావు, చీకట్లో పరుగు, ఆ తరువాత నేరం ఒప్పుకోలు. ఇదంతా నేరకథల సరంజామాయే. కాకపోతే ఆ కౌంటు పేరు అలుకార్డ్. ఇంగ్లీషు అక్షరాలను చివరినుంచి మొదటికి చదివితే డ్రాకులా.

ఆ సినిమా 'సన్ ఆఫ్ డ్రాకులా'. 1943లో యూనివర్సల్ స్టూడియో తీసింది. దర్శకుడు రాబర్ట్ సియోడ్‌మాక్. వాంపైర్ కథకు నోయర్, అంటే చీకటి నేరకథ, రంగు పులిమిన సినిమాలు, సీరియళ్ళు, నవలలు ఈ నలభై, యాభై ఏళ్ళలో కుప్పలుగా వచ్చాయి. వాటిని చూసి రెండు వేరువేరు కథారీతులకు ఎవరో ముడి పెట్టారనుకుంటాం. ఆ రెండూ మొదటినుంచీ ఒకే ఇంటి బిడ్డలు. రెండింటిలోనూ అసలు భయం కోరల దగ్గర లేదు, తలుపు తీసిన చేతి దగ్గర ఉంది. ఈ ఉపన్యాసం చెప్పబోయేది అదే.

ఈ పుట్టుపూర్వోత్తరాలు వెతకడానికి సినిమా దాకా కూడా వెళ్ళక్కర్లేదు. యూరప్ చదువరులకు రక్తపిశాచి మొదట పరిచయమైంది కథగా కాదు, సర్కారీ ఫైలుగా. 1725లో ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న సెర్బియాలో, కిసిలోవా అనే పల్లెలో, పీటర్ ప్లోగోయోవిట్జ్ అనే రైతు చనిపోయాడు. అతను పోయిన కొద్ది రోజులకే ఊళ్ళో వరసగా చావులు. రాత్రిపూట అతను వచ్చి మీద పడి గొంతు పట్టుకున్నాడని పోయేముందు వాళ్ళు చెప్పారట. ఊరివాళ్ళు వెళ్ళి ఫ్రోంబాల్డ్ అనే అధికారిని పట్టుకున్నారు. గోరీ తవ్వడానికి ఒప్పుకోకపోతే ఊరొదిలి పోతామన్నారు. ఆయన వెళ్ళి చూశాడు. శవం తాజాగా ఉంది, నోట్లో నెత్తురు కనిపించింది. ఊరివాళ్ళు గుండెలో కొయ్య దిగేసి కాల్చేశారు. పై అధికారులకు పంపిన నివేదిక చివర ఫ్రోంబాల్డ్ ఒక మాట చేర్చాడు. ఇందులో పొరపాటేమైనా ఉంటే అది భయంతో మతిపోయిన జనానిది గాని తనది కాదు, అని. మూడువందల ఏళ్ళు గడిచినా ఏ కలెక్టరాఫీసు నోట్‌ఫైల్లోనైనా కనబడే వాక్యమే ఇది.

ఏడేళ్ళకు, 1732లో, మెద్వెజా అనే ఊళ్ళో ఇంతకంటే పెద్ద విచారణ జరిగింది. అక్కడి మూలపురుషుడు ఆర్నాల్డ్ పావొలె. గడ్డిబండి మీంచి పడి చచ్చిపోయినవాడు. ఈసారి వచ్చింది సైనిక వైద్యులు, వాళ్ళకు పెద్ద యోహాన్ ఫ్లూకింగర్. గోరీలు ఒక్కొక్కటే తవ్వించి, ఎవరి శవం ఏ స్థితిలో ఉందో వయసుతో, చనిపోయి ఎన్నాళ్ళయిందో ఆ లెక్కతో సహా రాసి, సంతకాలు పెట్టారు. 'పిశాచులు'గా తేలినవాళ్ళ తలలు నరికి, కాల్చి, బూడిదను మొరావా నదిలో కలిపారు. ఆ పంచనామా అదే ఏడాది లండన్ పత్రికలకెక్కింది. దాంతో వాంపైర్ అనే మాట ఇంగ్లీషు పాఠకుల నోళ్ళలో నానింది. ఇప్పటి వైద్యానికి ఇందులో వింతేమీ లేదు. కుళ్ళే శవంలో వాయువులు పుట్టి పొట్ట ఉబ్బుతుంది, లోపలి నెత్తురు నోటికి తన్నుకొస్తుంది, చర్మం వెనక్కి ముడుచుకుంటే గోళ్ళు పెరిగినట్టు కనిపిస్తాయి. 1755లో మరియా థెరీసా మహారాణి తన ఆస్థాన వైద్యుడు వాన్ స్వీటెన్ సలహా విని ఈ తవ్వకాలను నిషేధించింది. వైద్యం అక్కడితో చేతులు కడుక్కుంది. కథకులు మాత్రం ఆ పంచనామాను వదల్లేదు.

బ్రామ్ స్టోకర్ 1897లో అచ్చువేసిన 'డ్రాకులా'ను తెలుగువాళ్ళలో చాలామంది సంక్షిప్తాల్లోనో, సినిమాల్లోనో చూసి ఊరుకుంటారు. మూలం తెరిస్తే అది కేసు ఫైలు అని తెలుస్తుంది. డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పత్రికా కత్తిరింపులు, ఫోనోగ్రాఫ్‌లో పలికి దాచిన మాటలు. వీటన్నిటినీ మీనా హార్కర్ టైప్ చేసి తేదీల వరసలో పేర్చుతుంది. ఆ కాగితాల్లోంచే ఆమె, భర్త హార్కర్, వాళ్ళ మిత్రులు హంతకుడి జాడ తీస్తారు. రైళ్ళ వేళలు, ఓడల రాకపోకలు, పెట్టెలు ఏ బండి మీద ఏ ఇంటికి చేరాయో కూలీలను ఆరా తీయడం, ఇదంతా డిటెక్టివ్ పని. చివరికి డ్రాకులా మెడ మీద పడేది హార్కర్ చేతిలోని కుక్రీ. మన గూర్ఖాల కత్తి అంత దూరం వెళ్ళి కార్పేతియన్ కొండల్లో పని చేసింది.

ఆ కథ మొదలయ్యేదీ ఒక వ్యాపార లావాదేవీతోనే. హార్కర్ లాయరు గుమాస్తాగిరీ దాటి అప్పుడే పైకొచ్చినవాడు. లండన్లో ఇల్లు కొనుక్కునే కౌంటుకు కాగితాలు పట్టుకెళ్ళాడు. గడప దగ్గర నిలబడ్డ డ్రాకులా అతన్ని లాక్కుపోడు. నీ అంతట నువ్వే లోపలికి రమ్మంటాడు. తరువాత పిశాచిని వేటాడే వాన్ హెల్సింగ్ ఒక నియమం బయటపెడతాడు. ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు మొదటిసారి పిలిస్తే తప్ప రక్తపిశాచి గడప దాటలేడు. ఒకసారి పిలిచాక ఇక అడ్డు లేదు. వెల్లుల్లి, శిలువ, అద్దంలో కనబడకపోవడం లాంటివి ఆ నవలలో ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో కథకు ఎక్కువ కాలం పనికొచ్చింది ఈ గడప నియమమే.

వెలుగు తగిలితే చావడం మాత్రం స్టోకర్ పెట్టింది కాదు. ఆయన డ్రాకులా పట్టపగలు లండన్ వీధుల్లో తిరుగుతాడు. పగలు బలం తగ్గుతుందంతే. సూర్యకాంతితో పిశాచిని చంపింది సినిమా. అది 1922 నాటి జర్మన్ మూకీ 'నోస్ఫెరాటు'. దర్శకుడు ఎఫ్. డబ్ల్యూ. మూర్నావ్. స్టోకర్ భార్య ఫ్లారెన్స్ దగ్గర హక్కులు కొనకుండా, పేర్లు మార్చి తీశారు. ఆమె కోర్టుకెక్కింది. నిర్మాణ సంస్థ ప్రాణా ఫిల్మ్ దివాళా తీసింది. ప్రింట్లన్నీ తగలబెట్టమని 1925లో తీర్పొచ్చింది. అప్పటికే ఇతర దేశాలకు చేరిన ప్రింట్లు కొన్ని బతికిపోయాయి. చావని పిశాచి గురించి ఇంతకంటే పెద్ద కథ అక్కర్లేదు.

ఆ సినిమా ముగింపులో ఎలెన్ అనే ఇల్లాలు కిటికీ తెరిచి పిశాచిని తానే రప్పించుకుంటుంది. తెల్లారేదాకా తన దగ్గరే ఆపి, సూర్యకిరణాలకు బలి ఇచ్చి, తానూ పోతుంది. ఇక్కడా తలుపు తీసింది మనిషే, అదీ తెలిసి తెలిసి. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. ఆ రోజుల్లో ఫిలిం రాత్రి వెలుగును పట్టలేదు. రాత్రి దృశ్యాలను పగలే తీసి, ప్రింటుకు నీలం రంగు అద్దేవారు. ఆ రంగు పోయిన నలుపు తెలుపు ప్రింటు చూస్తే అందులోని పిశాచి కౌంట్ ఓర్లాక్ పట్టపగలు శవపేటిక చంకన పెట్టుకుని బజార్లో నడుస్తుంటాడు. ఎండలో హాయిగా నడిచినవాడు ఎండ తగిలి ఎందుకు చచ్చాడో అర్థంకాక తల గోక్కున్న ప్రేక్షకులు ఎందరో.

'నోస్ఫెరాటు'లో అందరికీ గుర్తుండేది మెట్ల పక్క గోడ మీద పాకే నీడ. వంకర వేళ్ళు, గూని వీపు, మనిషి కనబడడు. ఆ నీడను పట్టిన ఛాయాగ్రాహకుడు ఫ్రిట్జ్ ఆర్నో వాగ్నర్. తొమ్మిదేళ్ళకు, 1931లో, ఫ్రిట్జ్ లాంగ్ 'ఎం' తీసినప్పుడు కెమెరా పట్టిందీ ఆయనే. అందులో పిల్లల హంతకుడు మొదట కనిపించేది కూడా నీడగానే. అతణ్ణి పట్టిస్తే బహుమానమని అంటించిన పోస్టరు మీద టోపీ పెట్టుకున్న నీడ పడుతుంది. పిశాచి నీడ, హంతకుడి నీడ ఒకే కెమెరా వెనకనుంచి వచ్చాయి. అదే ఏడాది పీటర్ క్యూర్టెన్ అనే వరుస హత్యల నేరస్తుడికి జర్మనీలో మరణశిక్ష అమలైంది. పత్రికలు అతనికి తగిలించిన పేరు 'డ్యూసెల్‌డార్ఫ్ వాంపైర్'. అప్పటికే నేరవార్తలూ పిశాచి కథలూ ఒకే భాష మాట్లాడుతున్నాయి.

ఇక రాబర్ట్ సియోడ్‌మాక్. 1900లో పుట్టిన యూదు కుటుంబం బిడ్డ. 1930లో బెర్లిన్లో చేతిలో డబ్బుల్లేని కుర్రాళ్ళు కొందరు కలిసి 'పీపుల్ ఆన్ సండే' అనే సినిమా తీశారు. సియోడ్‌మాక్, అతని తమ్ముడు కర్ట్, బిల్లీ వైల్డర్, ఎడ్గర్ ఉల్మర్, ఫ్రెడ్ జినెమన్. ఆ పేర్ల వరస చూస్తే చాలు, తరువాతి ఇరవై ఏళ్ళ హాలీవుడ్ కనబడుతుంది. 1933లో హిట్లర్ వచ్చాడు. సియోడ్‌మాక్ సినిమా మీద గోబెల్స్ కన్ను పడింది. ఆయన పారిస్ వెళ్ళిపోయాడు. 1939లో యుద్ధం ముంచుకొస్తుంటే అమెరికా ఓడ ఎక్కాడు. తమ్ముడు కర్ట్ అప్పటికే అక్కడ స్థిరపడి 1941లో 'ది వుల్ఫ్ మాన్' రాసి పేరు తెచ్చుకున్నాడు. 'సన్ ఆఫ్ డ్రాకులా' కథా కర్ట్‌దే. అన్నయ్య దర్శకుడిగా వచ్చీ రాగానే చేసిన మొదటి పని తనను తీసెయ్యడమేనని కర్ట్ తరువాత చెప్పుకున్నాడు. చిన్నప్పటి పోటీ హాలీవుడ్ దాకా వచ్చిందన్నమాట.

కథలోకి వెళ్దాం. కేథరిన్‌కు చావంటే భయం, చావు మీద మోజు. హంగరీ వెళ్ళినప్పుడు కౌంటును కలిసి, లూజియానాకు తానే పిలుస్తుంది. అతను బలవంతంగా రాలేదు. ఈ ఒక్క సంగతి దగ్గర మిగతా యూనివర్సల్ భయానక చిత్రాలనుంచి ఇది పక్క దారి పడుతుంది. 1931లో బేలా లుగోసీ వేసిన డ్రాకులాకు ఆడవాళ్ళు ఆహారం. ఇక్కడ ఆడమనిషి పథకం వేస్తోంది.

ఒక దృశ్యం దగ్గరగా చూడాలి. రాత్రి. చిత్తడి కొలను. చెట్ల కొమ్మలకు నాచు వేలాడుతోంది. ఒడ్డున కేథరిన్ నిలబడి చూస్తోంది. నీళ్ళలో బుడగలు లేచి, శవపేటిక పైకి తేలుతుంది. దాని సందుల్లోంచి పొగ కారుతుంది. ఆ పొగ ముద్దకట్టి మనిషవుతుంది. పేటిక మీద నిలబడ్డ అలుకార్డ్ తెడ్డు లేకుండా, కాలు కదపకుండా, నీళ్ళ మీద జారుతూ ఒడ్డుకొస్తాడు. ప్రత్యేక దృశ్యాల పని జాన్ ఫుల్టన్‌ది. పదేళ్ళ ముందు 'ది ఇన్‌విజిబుల్ మాన్'లో మనిషిని మాయం చేసినవాడు. గబ్బిలం మనిషిగా మారడం 1931 నాటి సినిమాలో తెర బయట జరిగిపోయింది. ఇందులో కళ్ళెదుటే జరుగుతుంది. అయితే ఆ దృశ్యానికి బలం ఫుల్టన్ గారడీ ఒక్కటే కాదు. కేథరిన్ ముఖంలో భయం లేదు. చెప్పిన వేళకు బండి దిగిన చుట్టాన్ని చూసినట్టు చూస్తుంది.

పెళ్ళి, తుపాకీ కాల్పులు అయ్యాయి. ఫ్రాంక్ శ్మశానంలోంచి పరిగెత్తి డాక్టర్ బ్రూస్టర్ ఇంట్లో పడతాడు. డాక్టరు డార్క్ ఓక్స్‌కు వెళ్తే చనిపోయిన కేథరిన్ మంచం మీద కూర్చుని మాట్లాడుతుంది. మర్నాడు ఫ్రాంక్ వెళ్ళి హత్య చేశానని ఒప్పుకుంటాడు. బతికే ఉందని డాక్టరు అంటాడు. పోలీసులు వెతికితే సమాధిలో శవం దొరుకుతుంది. హత్య జరిగిందా లేదా, జరిగితే ఎప్పుడు, చచ్చిన మనిషి రాత్రి డాక్టరుతో ఎలా మాట్లాడింది? నోయర్ సినిమాల్లో హీరో ఎన్నిసార్లు ఇలాంటి ఉచ్చులో పడతాడో లెక్కలేదు. చట్టం అడిగే ప్రశ్నకు అతని దగ్గర నిజమైన జవాబుంటుంది, కాని ఆ జవాబు ఎవరూ నమ్మేది కాదు.

అసలు మలుపు జైల్లో. రాత్రి గబ్బిలం ఊచల్లోంచి దూరుతుంది. నిద్రలో ఉన్న ఫ్రాంక్ మెడ దగ్గర వాలుతుంది. తరువాత కేథరిన్ కనిపించి తన పథకం విప్పుతుంది. అలుకార్డ్‌ను తాను ఏనాడూ ప్రేమించలేదు. అతని దగ్గర చావులేనితనం తీసుకోవడానికే పెళ్ళి. అది ఇప్పుడు వచ్చేసింది. ఆ వరాన్ని ప్రియుడికీ ఇస్తుంది. ఇద్దరూ కలకాలం ఉండొచ్చు. కావలసిందల్లా అలుకార్డ్ అడ్డు తొలగించడం. ఎక్కడ, ఎలా చంపాలో చెబుతుంది, జైలునుంచి తప్పిస్తుంది.

ఈ కథ ఎక్కడో విన్నట్టుంది కదూ? ముసలి మొగుడు, పడుచు పెళ్ళాం, ఆమె మాటకు లొంగి హత్య చేసే ప్రియుడు. జేమ్స్ ఎం. కెయిన్ 1934లో 'ది పోస్ట్‌మాన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్' రాసి అమెరికా నేరకథకు ఇచ్చిన మూస ఇది. ఆయనదే మరో నవల ఆధారంగా బిల్లీ వైల్డర్ 1944లో 'డబుల్ ఇండెమ్నిటీ' తీశాడు. అప్పటినుంచి నోయర్ అంటే అదే కొలత. సియోడ్‌మాక్ అంతకు ఒక ఏడాది ముందే, అదే మూసను, చిన్న బడ్జెట్ దెయ్యం సినిమాలో దాచేశాడు. మొగుడి వయసు మాత్రం ఏళ్ళలో కాదు, వందల ఏళ్ళలో లెక్కపెట్టాలి. బెర్లిన్లో కలిసి పనిచేసిన ఇద్దరు కాందిశీకులు ఒకే కథను రెండు గదుల్లో కూర్చుని చెప్పారు. ఒకరికి ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. రెండోవారి సినిమాను శనివారం మ్యాట్నీ పిల్లలు చూసి వెళ్ళారు.

చివర్లో ఫ్రాంక్ అలుకార్డ్ శవపేటికను తగలబెడతాడు. పడుకునే చోటు లేని పిశాచి మీద ఎండ పడుతుంది. అక్కడ ఆగితే మామూలు సినిమా. ఫ్రాంక్ ఇంటికి వెళ్ళి, చిన్నప్పుడు ఇద్దరూ ఆడుకున్న గదిలో పేటికలో పడుకున్న కేథరిన్‌ను కనుక్కుంటాడు. ఆమె వేలికి ఉంగరం తొడుగుతాడు. నిప్పు పెడతాడు. బ్రూస్టర్ వాళ్ళు వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉంటాడు. హాలీవుడ్ నీతి నియమావళి ప్రకారం నేరానికి శిక్ష పడాలి గనుక ఆమె పోవాల్సిందే. ఆ నియమం లేకపోయినా సియోడ్‌మాక్ ఇలాగే ముగించేవాడనిపిస్తుంది. ఆ తరువాత ఆయన తీసిన 'ఫాంటమ్ లేడీ', 'ది కిల్లర్స్', 'క్రిస్ క్రాస్' చూసినవాళ్ళకు ఆ అనుమానం గట్టిపడుతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. అలుకార్డ్‌గా లాన్ ఛేనీ జూనియర్ బొత్తిగా అతకలేదు. కౌంటు వేషం వేసిన బస్తాలెత్తే మనిషిలా ఉంటాడు. పిశాచుల గురించి ప్రొఫెసర్ లాజ్లో పాఠం చెబుతున్నంతసేపూ కథ కునుకు తీస్తుంది. లూయిజ్ ఆల్‌బ్రిటన్ కేథరిన్‌గా ఉన్నంతవరకు మాత్రం కళ్ళు తిప్పుకోనివ్వదు.

ఆ రోజుల్లోనే మరో స్టూడియోలో వాల్ ల్యూటన్ నిర్మించిన 'క్యాట్ పీపుల్' సంగతి ఒక్క మాట. 1942. కెమెరా నికొలస్ ముసురాకా, తరువాత 'అవుట్ ఆఫ్ ది పాస్ట్' అనే నేరచిత్రం తీసిన చెయ్యి. రాత్రి రోడ్డు మీద నడిచే అమ్మాయి, వెనక అడుగుల చప్పుడు, అది ఆగిపోవడం, హఠాత్తుగా బస్సు బ్రేకు. మృగం కనిపించదు. ఫ్రెంచి విమర్శకుడు నీనో ఫ్రాంక్ 1946లో ఈ తరహా నేరచిత్రాలకు ఫిల్మ్ నోయర్ అని పేరు పెట్టేనాటికి, దెయ్యం సినిమాల ఛాయాగ్రాహకులు ఆ చీకటిని అప్పటికే మరిగించి ఉంచారు.

జర్మన్ చీకటి పడమటికే పోలేదు. తూర్పుకూ వచ్చింది. మ్యూనిక్ నుంచి వచ్చిన ఛాయాగ్రాహకుడు యోసెఫ్ విర్షింగ్ 1934లో మొదలైన బాంబే టాకీస్‌లో పనిచేశాడు. యుద్ధకాలంలో జర్మన్ పౌరుడని బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధించింది. బయటికొచ్చాక, 1949లో, కమాల్ అమ్రోహీ 'మహల్'కు దీపాలు పెట్టిందీ ఆయనే. పాడుబడ్డ భవనంలో తన పోలికలతోనే ఉన్న పటం చూసి, పాడే ఆడమనిషి వెంట పడి, పెళ్ళాన్ని పక్కన పెట్టి, చివరికి చెయ్యని హత్యకు ఉరిశిక్ష పడే స్థితికి చేరతాడు అశోక్ కుమార్. అది దెయ్యం కాదని తేలేసరికి కొంపలు మునిగిపోయాయి. 'మహల్'లో రక్తం తాగేవాళ్ళు లేరు. కాని ఊగే దీపాల వెనక నడిచే మధుబాలను లూజియానా కొలను ఒడ్డున నిలబెడితే కొత్తగా అనిపించదు. పిలుపు విని వెళ్ళినవాడి కథే ఇదీ.

తెలుగునాట పిలుపు కథ తిరగబడింది. 'ఓ స్త్రీ రేపు రా' అని తలుపుల మీద రాసుకున్న కాలం ఈ సభలో నడివయసు దాటిన వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. రాత్రి దెయ్యం వచ్చి అయినవాళ్ళ గొంతుతో పిలుస్తుందని, పలికి తలుపు తీస్తే ప్రాణం పోతుందని పుకారు. దానికి విరుగుడు సుద్దముక్కతో రాసిన ఒక్క వాక్యం. దెయ్యం చదువుకుని వెళ్ళిపోతుంది, మర్నాడు వస్తుంది, మళ్ళీ అదే చదువుతుంది. కన్నడ దేశంలోనూ ఇదే పుకారు, ఇదే రాత. స్టోకర్ గడప నియమం మన పల్లెలో ఎవరూ చదవలేదు. పిశాచి ఇంటివాళ్ళ ఒప్పుదల లేకుండా లోపలికి రాలేదన్న ఊహ ఇక్కడ సొంతంగానే మొలిచింది. యూరప్‌లో శిలువ, వెల్లుల్లి ఎత్తుకున్నారు. మనవాళ్ళు వాయిదా వేశారు. ప్రభుత్వ కార్యాలయాల్లో రాటుదేలిన జాతి కదా.

మళ్ళీ అమెరికాకు వెళ్దాం. 1972 జనవరిలో అక్కడి ఏబీసీ టీవీలో 'ది నైట్ స్టాకర్' వచ్చింది. అప్పటిదాకా టీవీ కోసం తీసిన సినిమాల్లో అంతమంది చూసింది మరొకటి లేదు. జెఫ్ రైస్ రాసిన, అప్పటికి అచ్చుకాని నవలకు స్క్రీన్‌ప్లే రిచర్డ్ మాథెసన్. కార్ల్ కోల్‌చాక్ అనే నలిగిన సూటు, గడ్డి టోపీ విలేకరి, లాస్‌వేగస్‌లో ఆడపిల్లలు రక్తం లేకుండా చచ్చిపోతుంటే వార్త రాస్తాడు. ఎడిటర్ వేయడు. పోలీసులు ఒప్పుకోరు. జూదశాలల ఊళ్ళో పిశాచి తిరుగుతున్నాడంటే టూరిస్టులు రారు. హంతకుడు యానోస్ స్కోర్జెనీకి ఆసుపత్రిలోని రక్తం నిల్వ కూడా కావాలి. అడ్డొచ్చిన పోలీసులను విసిరికొడతాడు, గుళ్ళు తగిలినా పరిగెత్తిపోతాడు. ఈ పట్టపగటి వాస్తవికతే దీని ప్రత్యేకత. కోటలు లేవు, బూజుల్లేవు. మోటళ్ళు, పెట్రోలు బంకులు, ప్రెస్‌మీట్లు.

కోల్‌చాక్ పిశాచిని కనిపెట్టి, తెల్లవారుతుండగా గుండెలో కొయ్య దింపుతాడు. గెలిచినట్టే. అప్పుడు జిల్లా అటార్నీ బల్ల మీద ఒక కాగితం పెడతాడు. చంపింది మనిషినే గనుక హత్యకేసు సిద్ధంగా ఉంది, ఊరొదిలి పోతే ఆ కేసు ఉండదు. ప్రియురాలిని అప్పటికే ఊళ్ళోంచి పంపేశారు. అద్దె గదిలో కూర్చుని టేప్‌రికార్డరులో తన గొంతు తానే వింటున్న విలేకరితో ఆ కథ మొదలై, అతనితోనే ముగుస్తుంది. తరువాత 'ఎక్స్ ఫైల్స్' సృష్టించిన క్రిస్ కార్టర్ దీన్ని తన ప్రేరణల్లో ఒకటిగా చెప్పాడు. వాంపైర్ నోయర్ అనదగ్గ వాటిలో పట్టు విడవనిది ఇదే. ఇక్కడ తలుపు తీసింది ఒక మనిషి కాదు, ఊరు. లాస్‌వేగస్‌కు పిశాచి కంటే ప్రచారమే పెద్ద గండం.

గడప నియమాన్ని సినిమాలో కళ్ళకు కట్టినట్టు చూపించింది 2008 నాటి స్వీడిష్ చిత్రం 'లెట్ ది రైట్ వన్ ఇన్'. పన్నెండేళ్ళ ఆస్కర్ గుమ్మంలో నిలబడ్డ రక్తపిశాచి ఎలీని ఆటపట్టిస్తాడు. పిలవకుండా వస్తే ఏమవుతుంది, రాకూడదని గాలిలో గోడేమన్నా ఉందా, అని. ఎలీ లోపలికి వస్తుంది. కాసేపటికి ఒళ్ళంతా వణికి, చర్మంలోంచి, చెవుల్లోంచి, కళ్ళలోంచి నెత్తురు కారుతుంది. వాడు బెంబేలెత్తి రమ్మని అరుస్తాడు. వందేళ్ళకు పైగా పుస్తకాల్లో ఒక వాక్యంగా పడున్న నియమం ఆ ఇరుకు ఫ్లాట్లో ఒంటి మీది గాయమైంది. 2014లో ఆనా లిలీ అమీర్‌పూర్ 'ఎ గర్ల్ వాక్స్ హోమ్ అలోన్ ఎట్ నైట్' తీసింది. మాటలన్నీ పారసీ, తీసింది కాలిఫోర్నియా చమురు బావుల పక్కన టాఫ్ట్ అనే ఊళ్ళో. నలుపు తెలుపు. పిశాచి చాదర్ కప్పుకుని స్కేట్‌బోర్డు మీద వస్తుంది. చాదర్ గాలికి ఎగిరితే లుగోసీ అంగరఖాయే. మత్తుమందులమ్మే రౌడీ ఆమెను వెంట పెట్టుకుని ఇంటికి తీసుకెళ్తాడు. ఎవరు ఎవరిని పిలిచారో అతనికి అర్థమయ్యేసరికి వేలు తెగిపోతుంది.

ఇదంతా విని, మనకు ఈ తరహా కథ ఉందా అని అడిగేవారుంటారు. చేతబడి నవలలున్నాయి, డిటెక్టివ్ నవలలు కొల్లలు. రెండూ ఒకచోట కూర్చున్న సందర్భాలు తక్కువ. ముడిసరుకు లేక కాదు. వడ్డీవాడు నెత్తురు తాగుతున్నాడని ఊరూరా అంటారు. 2015 చివర విజయవాడలో కాల్‌మనీ వ్యవహారం బయటపడ్డప్పుడు జనం విన్నదేమిటి? అవసరం వచ్చి అప్పు చేసినవాళ్ళు ఖాళీ ప్రాంసరీ నోట్ల మీద సంతకాలు పెట్టి ఇచ్చారు. ఆ సంతకం గడప దాటనివ్వడమే. తరువాత మనుషులు ఇంటికి వచ్చి కూర్చున్నా, ఆడవాళ్ళను వేధించినా అడ్డు లేకపోయింది. అయిదేళ్ళకు, 2020 చివర, లోన్ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో ఆత్మహత్యలు జరిగాయి. పోలీసులు కాల్‌సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. ఆ యాప్ ఫోనులోకి దూరేముందు అనుమతి అడుగుతుంది. కాంటాక్టులు చూడనా, ఫొటోలు చూడనా, అని. అప్పు కావలసినవాడు చదవకుండా 'అలో' నొక్కుతాడు. మార్ఫింగ్ చేసిన బొమ్మ అన్నకు, అత్తగారికి, ఆఫీసులో వాళ్ళకు చేరేది ఆ నొక్కుడుతోనే.

ఒక కోల్‌చాక్ కావాలి ఈ కథకు. జిల్లా ఎడిషన్లో నేరవార్తలు రాసే కంట్రిబ్యూటర్ అయితే సరిపోతాడు. జీతం అంతంతమాత్రం, తన ఫోనులోనూ అదే యాప్. ఆ ఫోను అతనికే రాత్రి పన్నెండింటికి మోగాలి. అక్కడిదాకా ఎవరైనా రాయొచ్చు. చిక్కల్లా చివరి అధ్యాయం. స్టోకర్‌కు కుక్రీ ఉంది, మూర్నావ్‌కు సూర్యుడు ఉన్నాడు, సియోడ్‌మాక్ శవపేటికను తగలబెట్టాడు. ఈ కథలో పిశాచి పడుకునే పెట్టె ఏ ఊళ్ళో ఉంది, ఏ సర్వర్లో ఉంది? ఒక కాల్‌సెంటర్‌కు తాళం వేసిన వారానికే మరో పేరుతో, మరో బొమ్మతో అదే యాప్ ప్లేస్టోర్లో కనిపిస్తే, మన కంట్రిబ్యూటర్ కొయ్య ఎక్కడ దించుతాడన్నది రాయబోయేవారు తేల్చుకోవాలి.